మిగిలిన ట్యూబు

ట్యూబులో గర్భం నిలిచి, అది పగిలినప్పుడు నా ఎడమ ట్యూబు తీసేశారు. ఇంటికొచ్చాక చుట్టాలు అడిగిందల్లా ఒక్కటే: "ఇంక పిల్లలు పుడతారా?" ప్రాణం దక్కిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ ప్రశ్నే నన్ను ఈ అవయవం చరిత్ర వైపు నడిపించింది.

మన ఒంట్లోని ఈ గొట్టానికి ఒక మగవాడి పేరుంది. ఇటలీకి చెందిన గాబ్రియేలె ఫలోపియో 1561లో అచ్చయిన తన శరీర నిర్మాణ గ్రంథంలో దీన్ని బూరతో పోల్చాడు. అండాశయం నుంచి గర్భాశయానికి దారి ఇదేనని డచ్ వైద్యుడు రెనియర్ డి గ్రాఫ్ వివరించింది 1672లో. క్షీరదాల అండాన్ని ఫాన్ బేయర్ గుర్తించింది 1827లో, అదీ ఒక ఆడకుక్కలో. పేరు పెట్టడంలో ఉన్న తొందర పని తెలుసుకోవడంలో కనబడదు.

ఈలోగా ట్యూబు పగిలిన స్త్రీలు నెత్తురు పోయి చనిపోతూనే ఉన్నారు. 1883లో బర్మింగ్‌హామ్‌లో లాసన్ టెయిట్ పగిలిన ట్యూబు తీసేసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. మొదటి స్త్రీ బతకలేదు. ఆ తర్వాతివాళ్లలో చాలామంది బతికారు. నా పొట్టమీది కుట్లు ఆ మొదటామె దగ్గర మొదలయ్యాయనుకుంటాను.

చుట్టాల ప్రశ్నకు జవాబూ ఉంది. 2014లో లాన్సెట్‌లో వచ్చిన ఒక అధ్యయనం రెండో ట్యూబు బాగున్న 446 మంది స్త్రీలను పరిశీలించింది. మూడేళ్లలో సహజంగా గర్భం వచ్చి నిలిచినవారు, ట్యూబు తీసేసినవాళ్లలో 56.2 శాతం, ట్యూబు ఉంచి గర్భాన్ని మాత్రమే తీసినవాళ్లలో 60.7 శాతం. గణాంకాల ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. పైగా ఎడమ అండాశయం విడిచిన అండాన్ని కుడి ట్యూబు అందుకోగలదు. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూపినట్టు అవి కదలని కొమ్ములు కావు. అయితే మళ్లీ ట్యూబులోనే గర్భం నిలిచే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ. అందుకే నెల తప్పగానే స్కానింగ్ అవసరం.

మన దగ్గర ట్యూబు అనగానే గుర్తొచ్చేది పిల్లల ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయి, 15–49 ఏళ్ల మధ్య ఉన్న ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురికి ఆ ఆపరేషన్ అయింది. పిల్లలు చాలనుకుంటే కోత మనకే, పిల్లలు కావాలంటే నిలదీతా మనకే. ఇంటికీ సర్కారుకీ కూడా ట్యూబు పిల్లల లెక్కలోదే.

పిల్లల్ని కనాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు. గర్భం రావచ్చని తెలియడం నాకు ఊరటే. రావాల్సిందేనని చెప్పే హక్కు మాత్రం ఆ అంకెలకూ లేదు, చుట్టాలకూ లేదు.