మెదక్ వాగు మట్టిలో గుర్తించిన ఎంజైములు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
యాంటీబయాటిక్ మందులను విచ్ఛిన్నం చేసే బాక్టీరియా ఎంజైముల చరిత్రను ఆక్స్‌ఫర్డ్‌తో ఆరంభించి ఆసుపత్రుల వెంట నడపడం పరిపాటి. 1940లో అబ్రహాం, చెయిన్‌లు ఈ. కోలై బాక్టీరియా నుండి తీసిన సారం పెనిసిలిన్‌ను నిర్వీర్యం చేస్తున్నదని గమనించి, అందులోని ఎంజైమును పెనిసిలినేజ్ అన్నారు. మందు విస్తృతంగా వాడుకలోకి రాకముందే దానిని ఛేదించే ఎంజైము బయటపడింది. ఈ చరిత్రలో ఉమ్మడి మెదక్ జిల్లాకూ ఒక అధ్యాయం ఉన్నదని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. వాగు నేపథ్యం:
పటాన్‌చెరు పరిసరాల ఇసకవాగు నక్కవాగులోను, నక్కవాగు మంజీరలోను కలుస్తాయి. ఆ మంజీరే మెదక్ పట్టణానికి చేరువలోని ఏడుపాయల మీదుగా సాగుతుంది. పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో వెల్లడించింది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ పరిమాణం కన్నా ఇది ఎక్కువ.

3. గుర్తింపు విధానం:
ఔషధ వ్యర్థాలతో కలుషితమైన ఈ ప్రాంతపు నదీ మట్టిపై మరాఠే తదితరుల పరిశోధన 2018లో వెలువడింది. మట్టిలోని డీఎన్ఏను ముక్కలు చేసి ఈ. కోలైలో ప్రవేశపెట్టి, యాంటీబయాటిక్ కలిపిన మాధ్యమంలో పెంచారు. బతికి బయటపడిన వాటిలోని డీఎన్ఏ క్రమాన్ని చదివారు. మాతృ బాక్టీరియాను పెంచనవసరం లేకుండానే జన్యువును పట్టుకోగలగడం ఈ పద్ధతి విశిష్టత. ఏడు కొత్త నిరోధక జన్యువులు కనిపించగా, వాటిలో ఆరు బీటా-లాక్టమేజ్‌లకు చెందినవి. ఆర్ఎస్ఏ-1 పెనిసిలిన్‌లను, సెఫోటాక్సిమ్‌ను ఛేదిస్తుంది. ఆర్ఎస్ఏ-2 కార్బపెనెమ్‌లను స్వల్పంగా ఛేదిస్తుంది. అయితే మట్టిలో కనిపించినంత మాత్రాన అవి అక్కడే పుట్టాయని గాని, రోగులకు చేరాయని గాని చెప్పలేము. ఒక బాక్టీరియా నుండి మరొకదానికి సంక్రమించే అవకాశం వాటికి ఉన్నదన్నదే పరిశోధకుల హెచ్చరిక.

4. ఉపసంహారం:
2009లో ఎన్‌డీఎం-1 ఎంజైముకు న్యూఢిల్లీ పేరు పెట్టడం మన దేశంలో తీవ్ర అభ్యంతరాలకు దారితీసింది. ఆర్ఎస్ఏ అన్న పేరులో మంజీరా లేదు, మెదకూ లేదు. కనుక వివాదమూ లేదు, జ్ఞాపకమూ లేదు. 2016లో పటాన్‌చెరు సంగారెడ్డి జిల్లాలో చేరడంతో పాత జిల్లా పేరూ దీనికి దూరమైంది. శాసనాలను, కైఫీయతులను ఆధారాలుగా స్వీకరించిన స్థానిక చరిత్ర, వాగు అడుగు మట్టిని కూడా ఆధారంగా స్వీకరించవలసి ఉంది. లేనిచో మన నేల మీద జరిగినది ఇతరుల ప్రయోగశాలల పత్రాలలో మాత్రమే మిగులుతుంది.