అచ్చులోని పొడి: ఒక గణితవిద్య పూర్వచరిత్ర

లోహపు పొడిని అచ్చులో బోసి, పైనుండి పంచ్ దించి బలముగ నదిమినచో, వెలువడిన ముద్ద చూపునకంతటను ఒక్కతీరుగనే యుండును. కాని దానిని కొలిమిలో నుంచి సింటరింగు చేసినంతనే, అనగా కరుగనీయక కాల్చి కణముల నతికించినంతనే, ఒకచోట నెక్కువగను మఱొకచోట తక్కువగను కుంచించుకొని, ఒక్కొక్కప్పుడు బీటలువాఱి, తనలో దాగిన అసమత్వమును బయటపెట్టును. ఈ అసమత్వమును ముద్ద పుట్టకమునుపే కంప్యూటరుపై గణించి చూచుట నేడు పదార్థ ఇంజనీర్లకు నిత్యకృత్యమైనది. అయినను, ఆ గణనమునకు ఆధారమైన జ్ఞానములో అధికభాగము లోహకారుల యింట బుట్టినది కాదు. గాదెలలోని ధాన్యమును తూచినవారు, మాత్రలొత్తినవారు, మట్టిని పరీక్షించినవారు దానిని సమకూర్చిరి. ఈ ఋణము తగినంతగ స్మరింపబడుట లేదని నా నమ్మకము.

ఆనాటి కొలుములలో కరగి పోతకు రాని ప్లాటినమును లొంగదీయుటకై, లండను నగరమున విలియం హైడ్ వొలాస్టన్ పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున పట్టిన మార్గము పొడి మార్గమే. రసాయనక్రియచే రాబట్టిన తడి ప్లాటినపు పొడిని అచ్చున గూరి, మీట ప్రెస్సుతో నదిమి, కాల్చి, సుత్తెతో సాగగొట్టి, మూసలకును ఆమ్లములు కాచు పాత్రలకును తగిన లోహమును ఆయన సిద్ధపఱచెను. ఆ రహస్యమును చిరకాలము గుప్తముగ నుంచి, 1828 చివర, మరణమాసన్నమైన కాలమున వెల్లడించెను. 1843 లో చిత్రకారుడైన విలియం బ్రాకెడన్ మాత్రలను, నల్లసీసమును అచ్చులో నొత్తు విధమునకు పేటెంటు పొందెను. ఎట్లొత్తవలెనో వీరికి అనుభవమున దెలియును. ఒత్తిన బలము పొడిలోపల ఎచ్చటికి బోవునో తెలియదు.

ఆ ప్రశ్నకు తొలి యుత్తరము గాదెలనుండి వచ్చినది. 1895 లో జర్మను ఇంజనీరు యాన్సెన్, గాదె యడుగున బడు భారము ధాన్యపు లోతుతోపాటు ఎల్లప్పుడును పెరుగదనియు, కొంత లోతు దాటిన పిమ్మట గింజల బరువును గోడలే ఘర్షణచే మోయుననియు నిరూపించెను. నీటికి లేని ఈ గుణము గింజకును పొడికిని సహజము. అచ్చులో పంచ్ క్రింద నున్న పొడికిని ఇదియే గతి: గోడల ఘర్షణ ఒత్తిడిని దారిలోనే హరించుటచే, క్రిందికి బోయినకొలది అది క్షీణించును, అచ్చు ఎంత పొడవై సన్ననైన క్షీణత అంత యధికము. నూనెలు, మైనములు పూసి ఘర్షణను తగ్గించు ఆచారమునకు హేతువీ సూత్రముననే స్పష్టమగుచున్నది.

రెండవ యుత్తరము ఔషధశాలలనుండి వచ్చినది. 1956 లో ఆంగ్ల ఔషధశాస్త్రజ్ఞుడు డేవిడ్ ట్రెయిన్, మెగ్నీషియము కార్బొనేటు పొడిని అచ్చులో నొత్తి, దానిలోని ప్రతిభాగపు సాంద్రతను కొలిచి, పటముగ గీసి చూపెను. పైనుండి యొత్తినప్పుడు, గోడ ప్రక్కన పై యంచున సాంద్రత గరిష్ఠము, అదే గోడ ప్రక్కన అడుగంచున కనిష్ఠము. మధ్యభాగమున మాత్రము, పైకన్న క్రిందివైపుననే గట్టితన మధికము. ఈ విపరీతము నేటికిని కంప్యూటరు గణనమునకు పరీక్షారాయి వంటిది. ఈ పటమును పోలిన చిత్రమును రప్పింపలేని గణనమును విశ్వసింపరాదు.

ఇక మూడవది మట్టి. ఘర్షణగల కణరాశి ఎప్పుడు జారునో 1773 లోనే కూలుంబ్ విచారించెను. 1952 లో డ్రకర్, ప్రాగర్ అనువారు దానిని ప్లాస్టిసిటీ (శాశ్వత రూపమార్పు) సిద్ధాంతమున ఒక నియమముగ నిమిడ్చిరి. 1957 లో డ్రకర్, గిబ్సన్, హెంకెల్ ఆ నియమము గీచిన హద్దునకు ఒత్తిడివైపున ఒక మూత తొడిగి, అదిమినకొలది మట్టి గట్టిపడు గుణమును దానియందు చేర్చిరి. 1958 లో కేంబ్రిడ్జిలో రాస్కో, స్కోఫీల్డ్, రోత్ ఈ మార్గమునే మఱింత పెంపొందించిరి. పునాదులకొఱకును, కట్టలకొఱకును పుట్టిన ఈ సమీకరణములే పిమ్మట లోహపు పొడికి నన్వయింపబడినవి. లోహశాస్త్రజ్ఞులును ఊరకుండలేదు: 1976 లో షిమా, ఒయానె ప్రకటించిన సూత్రము రంధ్రములుగల లోహమునకు ప్రమాణమైనది. విమాననిర్మాణమునందు బెరిగి, 1960 లో క్లఫ్ నోట పేరు గాంచిన, వస్తువును చిన్నముక్కలుగ విభజించి గణించు పరిమిత మూలక పద్ధతి ఈ సూత్రములన్నిటికిని వాహనమైనది. 1979 లో కండల్, స్ట్రాక్ ప్రతి కణమును విడివిడిగ కదిలించి గణించు మార్గమును జూపిరి. అదియును మృత్తికాశాస్త్రపు పత్రికయందే వెలువడినది.

ఇన్ని సాధనములున్నను, గణనము తనకందిన ఘర్షణాంకముకన్న సత్యమైనది కాజాలదు. పంచ్ వెనుదీసి ముద్దను వెలికి నెట్టునప్పుడు బుట్టు పగుళ్లను ముందుగ జెప్పుట, సాంద్రతను జెప్పుటకన్న కష్టతరముగనే యున్నది.

మన హైదరాబాదునకును ఈ విద్యతో సంబంధము కలదు. బాలాపూరున పౌడర్ మెటలర్జీకై యొక పరిశోధనాకేంద్రమే యున్నది. 1971 లో నెలకొన్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో యురేనియము డయాక్సైడు పొడిని గుళికలుగ నొత్తి సింటరింగు చేయుదురు. ఇట్టి గుళికను ఇరుకొనలనుండి ఒత్తునప్పుడు నడిమిభాగమున సాంద్రత తక్కువగుటచే, కొలిమిలో నడుము ఎక్కువగ కుంచించుకొని డమరుకమువలె నగును. అందుచే దానిని గ్రైండింగు యంత్రమున నొరసి, సరియైన స్తూపాకారమునకు దెచ్చుట యవసరమగును. ఒరపిడిలో రాలిన యురేనియమును పారవేయ వీలులేదు, మరల సేకరింపవలెను; అచ్చును, పంచ్‌ను, పొడి గుణమును ముందుగ గణించి ఆ నడుము సన్నదనమును తగ్గించిన మేరకు ఆ రాలుడును తగ్గును.