పాత తూటాకు వెల కట్టుట ఎట్లు?

మన తెలుగువారు పొట్ట చేతబట్టుకొని వచ్చి స్థిరపడిన ఊళ్ళలో దండు ప్రదేశాలు కొన్ని కలవు. పట్టాళంలో పనిచేసిన తాతగారి ట్రంకుపెట్టె తెరిచినప్పుడు, పతకాలతోపాటు ఒక ఇత్తడి తూటా బయటపడవచ్చును. అప్పుడు ఇంట్లో పుట్టే ప్రశ్నలు రెండు: ఇది ఎప్పటిది? దీనికి ఎంత వస్తుంది? మొదటిదానికి జవాబు తెలిస్తేగాని రెండవదానికి జవాబు దొరకదు. కనుక ముందు చరిత్ర కొంత చెప్పుకొందాము.

మన దేశంలో తరచుగా కనబడే పాత తూటా పాయింటు 303 రకానిది. బ్రిటిషు సైన్యం దీనిని 1880ల చివర ప్రవేశపెట్టింది. మొదట ఇందులో నల్ల తుపాకిమందు దట్టించేవారు. కొద్ది ఏండ్లకే పొగ తక్కువగా వచ్చే కార్డైటు వచ్చింది. దారపు పోగులవలె సన్నగా పొడుగ్గా ఉండుటచేత దానికి ఆ పేరు కలిగింది. 1910లో మొన తేలిన గుండుతో ఏడవ నమూనా వచ్చింది. రెండు ప్రపంచయుద్ధాలలోను వాడినది ముఖ్యంగా ఇదే. పూనా పక్కనున్న కిర్కీలో 1869లో నెలకొన్న కర్మాగారం కూడ ఈ తూటాలను తయారుచేసింది. 1962 చైనా యుద్ధం తరువాత మన సైన్యం 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారసాగింది. అయినా పోలీసుల చేతిలో 303 తుపాకి ఇంకా అనేక సంవత్సరాలు నిలిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పినది 2020లో.

ఇంత కాలం, ఇన్ని దేశాలలో, కోట్ల కొలది తయారైన వస్తువు పాతదైనంత మాత్రాన అపురూపం కాజాలదు. యుద్ధం ముగిశాక మిగిలిన సరుకును ప్రభుత్వాలు చవుకగా అమ్మివేశాయి. అమెరికా వంటి దేశాలలో అట్టి సరుకును గురి అభ్యాసం చేయువారు పెట్టెల లెక్కన కొన్నారు. వారికి కావలసినది పేలుట. అందుచేత మందు చెడకుండ ఉన్నదా, పాతకాలపు టోపీమందులోని ఉప్పు తుపాకిగొట్టానికి తుప్పు పట్టించునా అని చూతురు. సేకరించువారి చూపు వేరు. వారికి తూటా ఒక దస్తావేజు. అందులో చదువదగిన సంగతి ఎంత ఉన్నదో, అట్టిది ఎంత అరుదో, దానినిబట్టి వెల.

ఆ దస్తావేజును అడుగునుండి చదువవలెను. ఇత్తడి గొట్టం అడుగున గుండ్రంగా గుద్దిన ముద్ర ఉండును. కె.ఎఫ్. అక్షరాలు కిర్కీ కర్మాగారానివి. ఓ.ఎఫ్.వి. అని ఉంటే భుసావలు దగ్గరి వరణ్‌గాఁవ్‌లో 1964లో నెలకొల్పిన కర్మాగారానిది. పక్కనున్న రెండంకెలు సాధారణంగా సంవత్సరం. నమూనా సంఖ్య రోమను అంకెలలో ఉండవచ్చును. టోపీ చుట్టూ వేసిన రంగు మరొక సంగతి చెప్పును. బ్రిటిషు పద్ధతిలో ఊదా మామూలు గుండుకు, ఎరుపు దారి చూపుతూ వెలుగుచు పోయే గుండుకు, ఆకుపచ్చ కవచం ఛేదించేదానికి, నీలం నిప్పు పెట్టేదానికి గుర్తులు. మామూలు గుండుకంటె తక్కినవి తక్కువగా దొరకును. వెల కూడ ఎక్కువ.

తరువాత చూడవలసినది కట్ట. విడి తూటాకంటె, అయిదేసి తూటాల చార్జరులు పది ఇమిడి, మొత్తం 50 తూటాలు పట్టే గుడ్డ బేండోలియరుకు విలువ హెచ్చు. చీటీ చినగని కాగితపు పొట్లానికి ఇంకను హెచ్చు. చాలమంది చింతపండు పెట్టి తోమి తళతళలాడించి, ముద్ర అరిగిపోయాక అమ్మజూపుదురు. చెంబు తోమినట్లు చరిత్రను తోమరాదు.

ఇక కథలు. డమ్‌డమ్ తూటా అని చెప్పి అమ్ముట పరిపాటి. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కర్మాగారంలో 1890లలో మెత్తని మొనగల గుండు తయారైనది. శరీరంలో విచ్చుకొనే అట్టి గుళ్ళను 1899 హేగు ప్రకటన నిషేధించినది. అసలైనవి అరుదు. కనుక మామూలు తూటా మొన కోసి ఆ పేరు పెట్టే మోసం ఉండును. అడుగున ఏడవ నమూనా సంఖ్య ఉంటే అది 1910 తరువాతిది, డమ్‌డమ్‌ది కానేరదు.

మన గుండెకు దగ్గరి కథ మరొకటి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల నుండి తుపాకులు, తూటాలు తీసుకొనిపోయినది. ఆ తూటా ఇదేనని ఎవరైన చూపితే చేతులు జోడించవలెననిపించును. కాని అడుగున 41 అని ఉంటే అది 1941 నాటిది. రాజు 1924 లోనే అసువులు బాసినాడు. సంవత్సరం సరిపోయినంత మాత్రాన కూడ కథ రుజువు కాదు. ఆ వస్తువు చేతులు మారిన క్రమం చెప్పే కాగితం ఉండవలెను. టిక్కెట్టు మీది తేదీ చూడనిదే గేటు దాటనివ్వని రైల్వేలో గుమాస్తాలమైన మాకు ఈ పట్టింపు సహజం. వీరుని పేరు అబద్ధానికి అంటగట్టుట కంటె ఊరక ఉండుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి. టోపీ మీద నొక్కు పడని తూటా పేలనిదని తలచవలెను. ఎన్ని ఏండ్లు గడిచినా అది ఆటవస్తువు కాదు. కొట్టరాదు, కాల్చరాదు, మందు తీయజూడరాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేక దానిని ఉంచుకొనుట నేరం. రైలులోగాని విమానంలోగాని వెంట తీసుకొనిపోరాదు. అట్టిది దొరికితే కదపక పోలీసు ఠాణాకు కబురు చేయవలెను. వెల ఎంత పలికినా, పిల్లవాని వేలికంటె విలువైన తూటా లేదు.

తూటా పోయినా తాతగారి చరిత్ర పోదు. ఆయన సర్వీసు పుస్తకం, ఉత్తరాలు, ఫోటో వెనుక వ్రాసిన నాలుగు మాటలు జాగ్రత్తపెట్టండి. ఏ రెజిమెంటు, ఏ సంవత్సరం, ఏ ఊరు అన్నది ఇంటి పెద్దలను ఈ ఉగాదినాడే అడిగి తెలుగులో వ్రాసి ఉంచండి. సంతలో వెల లేని ఆ కాగితమే మన పిల్లలకు మిగిలే ఆస్తి.