ఉత్తరాంధ్రలో ఉమ్మడి నేల: కాపాడిందెవరు?

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఊరుమ్మడి నేల ఎలా నిలిచిందో చెప్పేటప్పుడు సాధారణంగా రెండు కథలు వినిపిస్తాయి. మొదటిది చెరువులు తవ్వించిన రాజుల దాతృత్వం. రెండోది 2010లో సోంపేట కాల్పులతో మొదలైనట్టు చెప్పే పర్యావరణ ఉద్యమం. ఈ రెంటి మధ్య కాలాన్ని జమీందారీల రద్దు అనే ఒక్క మాటతో దాటేస్తారు. ఉమ్మడి నేల ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో తెలిసేది ఆ దాటేసిన కాలంలోనే.

తొలి దశ అందరికీ తెలిసిందే. 1802లో శాశ్వత పరిష్కార పద్ధతి ఉత్తర సర్కారుల్లో అమలైంది. విజయనగరం, బొబ్బిలి, టెక్కలి, మందస వంటి జమీందారీలు స్థిరపడ్డాయి. చెరువు, బంద (చిన్న చెరువు), గెడ్డ (వాగు), తోపు, పశువుల బీడు జమీందారు ఎస్టేటు లెక్కలో ఉండేవి, వాడుకలో మాత్రం ఊరివి. విజయనగరం పెద్దచెరువు దీనికి మంచి ఉదాహరణ. పైడితల్లి అమ్మవారి విగ్రహం ఆ చెరువులోనే దొరికిందని జనం నమ్మకం. సిరిమానోత్సవం తర్వాత తెప్పోత్సవం జరిగేదీ అక్కడే. ఒక చెరువు ఇన్ని తరాలు నిలిచిందంటే తవ్వించిన వారి పేరు ఒక్కటే కారణం కాదు. దాని నీటితో పంట పండించుకున్నవారు, దాని గట్టున మొక్కుకున్నవారు దాన్ని వదులుకోలేదు.

1908 మద్రాసు ఎస్టేట్ల భూచట్టం గురించి మన చరిత్ర పుస్తకాలు చాలా తక్కువ చెబుతాయి. రైతుకు సాగుహక్కు ఇచ్చిందని ఒక వాక్యం రాసి ముందుకు పోతాయి. ఆ చట్టంలో ఇంకో సంగతి ఉంది. ఊరి అవసరాలకు కేటాయించిన నేలను జమీందారు తన ఇష్టప్రకారం ఇతరులకు ఇవ్వకూడదని, వేరే పనికి వాడకూడదని అది కట్టడి చేసింది. అంటే ఎస్టేటు లోపల కూడా ఊరికంటూ ఒక నేల ఉందని చట్టం ఒప్పుకున్నట్టే. ఆచరణలో ఇది అంతగా పనిచేయలేదు. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు సాగిన రైతు రక్షణ యాత్ర, అదే కాలంలో ప్రకాశం పంతులు అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం, జమీందారీ రైతుల బాధల చిట్టాను బయటపెట్టాయి. ఆ బాధలు శిస్తుకే పరిమితం కాలేదు. కట్టెలు, పచ్చిక, నీరు కూడా వాటిలో ఉన్నాయి.

1940 మందస పోరాటం ఈ కోణంలో చూస్తేనే సరిగా అర్థమవుతుంది. ఆ మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ సమావేశాలు జరిగాయి. కొద్ది రోజులకే మందస జమీందారు అడవిలో రైతులు కట్టెలు కొట్టుకున్నారు. వారిని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులను గుడారి రాజమణిపురంలో జనం అడ్డుకున్నారు. కాల్పుల్లో సాసుమాన గున్నమ్మతో పాటు మరికొందరు చనిపోయారు. ఈ ఘటనను రైతాంగ ఉద్యమంలో ఒక అధ్యాయంగానే చెప్పడం పరిపాటి. నిజానికి గున్నమ్మ నిలబడింది పట్టా భూమి కోసం కాదు, వంటచెరకు తెచ్చుకునే ఊరి హక్కు కోసం. సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేలకు, మందస అడవికి ఉన్న బంధుత్వం ఇక్కడ కనిపిస్తుంది.

ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన 1948 ఎస్టేట్ల రద్దు చట్టం సాగుచేసే రైతును జమీందారు నుంచి విడిపించింది. దాని గొప్పతనం తగ్గించలేనిది. అయితే అదే చట్టం మూడో సెక్షన్ ప్రకారం ఎస్టేటులోని ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, అడవులు, చెరువులు, చేపల రేవులు అన్నీ ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. రైతు భూమి రైతుకు వచ్చింది. ఊరి భూమి మాత్రం ఊరికి రాలేదు, రెవెన్యూ శాఖకు వెళ్లింది. ఇకపై ఆ నేలకు అడంగల్లో (గ్రామ భూముల లెక్కలో) రాసిన వర్గీకరణే దిక్కయింది. 'బంజరు' అని ఒక మాట రాస్తే, దాని మీద బతికే పశువుల కాపరి, జాలరి, గడ్డి కోసుకునే ఆడమనిషి లెక్కలోంచి మాయమైపోతారు.

ఈ వాదానికి హద్దులూ ఉన్నాయి. పాత ఉమ్మడి నేల మీద అందరికీ సమాన హక్కు ఉండేదనుకోవడం పొరపాటు. చెరువు నీటిలో పెద్ద కులాల పొలాలకే ముందు వంతు. దళితులకు రేవు కూడా వేరు. స్వాతంత్ర్యం తర్వాత భూమిలేని పేదలకు బంజరు పంచి డి-పట్టాలు ఇవ్వడం న్యాయమైన పని. ఆ పంపిణీ ఉమ్మడిని తగ్గించిందని బాధపడేవారు ఈ సంగతి మరవకూడదు. 1994 పంచాయతీరాజ్ చట్టం పచ్చిక బయళ్లను, కళ్లాలను, శ్మశానాలను, తోపులను గ్రామ పంచాయతీలకు అప్పగించింది కూడా. కానీ వాటిని వెనక్కి తీసుకునే అధికారాన్ని ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది.

'బంజరు' అనే ఆ వర్గీకరణ ఎంత పని చేయగలదో సోంపేటలో తేలింది. ఆ బీల బారువ తీరాన ఉంది. ఎత్తిపోతలతో పొలాలకు నీళ్లిస్తుంది, జాలర్లకు చేపలిస్తుంది, పశువులకు మేత ఇస్తుంది. అందులో 972 ఎకరాలకు పైగా భూమిని 2008లో ఒక నిర్మాణ సంస్థ థర్మల్ కేంద్రానికి కేటాయించారు. డాక్టర్ వై. కృష్ణమూర్తి నాయకత్వంలోని పర్యావరణ పరిరక్షణ సంఘం రెండు పనులు కలిపి చేసింది. ఊళ్లలో రిలే దీక్షలు ఆపకుండా నడిపింది. మరోవైపు ఆ నేల బంజరు కాదని ఆధారాలతో న్యాయవేదికల ముందు పెట్టింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఒక రోజు అటూ ఇటూగా జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని కొట్టేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ మరో థర్మల్ కేంద్రం విషయంలో ఇదే విషాదం జరిగింది. వలస పక్షులు గూళ్లు కట్టుకునే తేలినీలాపురం దానికి దగ్గరే. సోంపేట భూకేటాయింపును రద్దు చేయాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించడానికి 2019 దాకా పట్టింది. జనం ఆవేశం వల్ల ఈ గెలుపు వచ్చిందనడం సగం నిజం. రికార్డులోని ఒక మాట తప్పని నిరూపించగలిగిన ఓపిక మిగతా సగం.

ఇప్పటి స్థితి అంత ధైర్యం ఇవ్వదు. 2014లో ఏర్పడిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి మహిళా సంఘాల ద్వారా ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా తీసుకెళ్లింది. పార్వతీపురం వైపు తోటపల్లి దగ్గర జట్టు ట్రస్టు చిన్న కమతంలో పలు పంటల సాగును ప్రచారం చేసింది. ఇవి మంచి పనులు. అయినా వీటి దృష్టి సొంత చేను మీద, లేదా కౌలు చేను మీద ఉంది. ఆ చేనుకు నీరిచ్చే బంద, ఆవుకు మేతనిచ్చే బీడు ఎవరి లెక్కలోనూ లేవు. ఆవు పేడ, మూత్రం ఆధారంగా నడిచే సాగు ఆవు మేసే నేలను పట్టించుకోకపోవడం పెద్ద లోటు.

పట్టణాల్లో పరిస్థితి మరీ బలహీనం. ఊరు పెరిగేకొద్దీ ఆయకట్టు ఇళ్ల స్థలాలవుతుంది. ఆయకట్టు పోయిన చెరువుకు కాపలా ఉండదు. గట్టు మీద నడకబాట, దీపాలు వేసినంత మాత్రాన అది బతికినట్టు కాదు. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటికి, తాగునీటికి తవ్విన చెరువులను తమ పరిధి నుంచి తప్పించాయి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల చెరువులకు మిగిలిన రక్షణ నీరు, భూమి, చెట్ల కోసం వచ్చిన 2002 వాల్టా చట్టం, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, వాటిని వాడుకునే జనం. పట్టణంలో ఉమ్మడి తోటలు, ఉమ్మడి సాగు చేపట్టదలచిన సంఘాలు విత్తనాల కన్నా ముందు సర్వే నంబర్లు, పొలాల కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటాలు, చెరువు శిఖం (నీరు నిలిచే నేల) హద్దులు చేతికి తెచ్చుకోవాలి. తహసీల్దారు కార్యాలయంలో ఆ కాగితాలు అడిగే హక్కు సమాచార హక్కు చట్టం కింద 2005 నుంచి ప్రతి పౌరుడికీ ఉంది.