మోటర్‌హోమ్ పైకప్పు మీద 14 అంగుళాల కన్నం: రోడ్డు మీద ఏసీ కథ

ఇవాళ చిన్న లెక్కతో మొదలుపెడదాం. మన ఇంట్లో పెద్ద బెడ్రూమ్‌కి ఎంత ఏసీ పెడతాం? ఒకటిన్నర టన్ను. అంటే గంటకి 18,000 బీటీయూ. ఇప్పుడు అమెరికాలో అద్దెకి దొరికే ముప్పై అడుగుల మోటర్‌హోమ్ తీసుకోండి. వంటగది, బాత్రూమ్, మంచాలు అన్నీ ఉంటాయి, మన హీరోల కారవాన్ టైపు. దాని నెత్తిన మామూలుగా కనిపించే ఏసీ ఎంతో తెలుసా? 13,500 బీటీయూ. టన్ను కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇటుక గోడల గదికేమో ఒకటిన్నర టన్ను, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డ పల్చటి గోడల డబ్బాకేమో ఒకటీ చిల్లర. ఎందుకిలా?

ముందు ఈ టన్ను సంగతి తేల్చేద్దాం. అది ఏసీ బరువు కాదు. ఒకప్పుడు చల్లదనం అంటే ఐసే కదా. 2,000 పౌండ్ల ఐసు ఒక రోజంతా కరుగుతూ ఎంత వేడి లాగేస్తుందో, అది ఒక టన్ను. పౌండుకి 144 బీటీయూ చొప్పున 2,88,000. దాన్ని 24 గంటలకి పంచితే గంటకి 12,000. ఇంకో విషయం. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం డిజైన్ చేసిన మెషిన్ మనుషుల కోసం కాదు. గాల్లో తేమకి కాగితం సాగి, రంగులు పక్కకి జరిగిపోతుంటే, ఆ తేమ తగ్గించడానికి. ఈ తేమ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక రోడ్డు మీదకి వద్దాం. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ వాళ్ళు క్లిప్పర్ అనే ట్రైలర్ తెచ్చారు. దాన్ని చల్లబరచడానికి డ్రై ఐస్ వాడారు. కార్లలో ఫ్యాక్టరీలోనే బిగించిన ఏసీ ముందుగా అమ్మింది ప్యాకార్డ్, 1940 మోడల్లో. డిక్కీలో సగం అదే తినేసేది. ఆపాలంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు తీసెయ్యాలి! అంత డబ్బు లేనివాళ్ళు ఎడారి దాటేటప్పుడు కారు కిటికీకి ఒక రేకు గొట్టం తగిలించుకునేవాళ్ళు. లోపల నీళ్ళు, ఒక తడి మెత్త. బండి పరుగెత్తితే గాలి ఆ తడిలోంచి లోపలికొచ్చేది. అచ్చం మన కూలరే. మే నెలలో నిజామాబాద్‌లో పనిచేసిన కూలర్ విశాఖలో పనిచెయ్యదు కదా? అదే కథ. అరిజోనాలో ఓకే, టెక్సస్ సముద్రతీరంలో వేస్టు. బండి ఆగిందా, అరిజోనాలో కూడా అంతే సంగతులు.

అసలు మలుపు 1960ల్లో. 1966లో ఐయోవాలోని విన్నెబాగో కంపెనీ మోటర్‌హోమ్‌లని అసెంబ్లీ లైన్ మీద చెయ్యడం మొదలెట్టింది. ఈ బళ్ళకి పైకప్పు మీద గాలి కోసం ఒక కన్నం ఉంటుంది, 14 అంగుళాలు ఇంటూ 14. ఏసీలు కూడా అదే కన్నంలో కూర్చునేలా వచ్చాయి. ఇవాళ్టికీ అదే సైజు. పాత కోడ్‌తో కంపాటిబిలిటీ కోసం కొత్త కోడ్ రాసినట్టే, సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

రెండోది కరెంటు. చిన్న, మధ్యరకం బళ్ళకి ప్లగ్ 30 యాంప్స్, 120 వోల్టులు. గుణిస్తే 3,600 వాట్లు. 13,500 ఏసీ ఒక్కటే నడిచేటప్పుడు 12 నుంచి 16 యాంప్స్ లాగుతుంది, స్టార్టింగ్‌లో ఇంకా ఎక్కువ. రెండో ఏసీ వేసి, పైన మైక్రోవేవ్ కూడా ఆన్ చేస్తే బ్రేకర్ ఎగిరిపోతుంది. నా ఉద్దేశంలో ఆ 13,500 అనే నంబర్ వెనక ఉన్నది ఎండ లెక్క కంటే ఈ కన్నం, ఈ ప్లగ్. పెద్ద బళ్ళకి 50 యాంప్స్ ప్లగ్ వస్తుంది. వినడానికి కొంచెమే పెరిగినట్టుంటుంది గానీ, అందులో 120 వోల్టుల లైన్లు రెండుంటాయి, మొత్తం 12,000 వాట్లు. మూడు రెట్లకి పైనే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫీనిక్స్‌లోనో డల్లాస్‌లోనో ఉండే మనవాళ్ళు, అమ్మానాన్న జూన్, జులైలో వచ్చినప్పుడే గ్రాండ్ కేన్యన్, వేగస్ ప్లాన్ చేస్తారు. బయట 43 డిగ్రీలు, లోపల డెబ్బై ఏళ్ళ నాన్నగారు, పైన ఒకటే ఏసీ. పెద్దవాళ్ళకి వేడి తగిలితే అది ఆసుపత్రిదాకా వెళ్ళే విషయం. "ఏసీ బయటి కంటే 20 డిగ్రీలే తగ్గించగలదు" అని చాలామంది అంటారు. అది కాదు. తను పీల్చిన గాలిని ఒక్క రౌండ్‌లో సుమారు 20 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే మన లెక్కలో 11, తగ్గించి వదులుతుంది. ఆ తర్వాత గోడలు, ముందున్న పెద్ద అద్దం ఎంత వేడి లోపలికి తెస్తాయన్నదే పోటీ. అందుకే ముప్పై అడుగుల బండి, ఎడారి, వేసవి: నేనైతే రెండు ఏసీలు లేని బండి ముట్టుకోను. అద్దానికి బయటినుంచి కవర్ వేస్తాను, పొద్దున్నే ఏసీ మొదలెడతాను. లోపల కాగిపోయాక ఆన్ చేస్తే సాయంత్రం దాకా కోలుకోదు.

మరి చిన్న వ్యాన్‌లో కూడా పెద్దది పెట్టేస్తే? ఫ్లోరిడా లాంటి చోట అది ఇబ్బందే. గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసే టైమే ఉండదు. చల్లగా, జిడ్డుగా ఉంటుంది. కారియర్ ప్రెస్‌లో సమస్యే మళ్ళీ.

బుక్ చేసేముందు రెండు పనులు చెయ్యండి. బండి నడుస్తున్నప్పుడు పైకప్పు ఏసీ ఆడటానికి జనరేటర్ ఉందా, దానికి అద్దె విడిగా గంటలెక్కనా అని అడగండి. ఎందుకంటే డ్యాష్‌బోర్డ్ ఏసీ గాలి వెనక మంచాలదాకా రాదు. తర్వాత ప్లగ్ ఫోటో పంపమనండి. మూడు పిన్నులుంటే 30 యాంప్స్, నాలుగుంటే 50.