కంటికి కానరాని పనివాడు

రాగులను నానబెట్టి, తడిబట్టలో మూటగట్టి, మొలకెత్తిన పిమ్మట ఎండబెట్టి విసరిన పిండి మన గృహములకు క్రొత్తది కాదు. చంటిబిడ్డల జావకు తల్లులు దానిని వాడుచుందురు. చిక్కగా కాచిన గంజి గోరువెచ్చగా ఉన్నప్పుడు ఈ మొలకపిండిని కొంచెము కలిపి ఉంచినచో, కొంతసేపటికి ఆ గంజి పలుచబడి, కొద్దిగా తియ్యనగును. అదే పిండిని సలసల మరుగుచున్న గంజిలో వేసినచో ఆ మార్పు అంతగా కలుగదు. పిండి అదియే, గంజియు అదియే; వేడిమి ఒక్కటే భేదము. మొలకలో ఎవడో ఒక పనివాడు దాగి ఉన్నాడనియు, వేడిమి మితిమీరినచో అతనికి చేటు కలుగుననియు దీనివలన తేలుచున్నది. ఆ పనివానినే శాస్త్రజ్ఞులు ఎంజైము అందురు. అతని వేగమును కొలుచుట మానవుడు ఎట్లు నేర్చెనో, ఆ కొలతవలన ఏమి తెలిసికొనెనో చెప్పుటయే మా ఉద్దేశము.

1833లో పేయన్, పెర్సో అను ఇద్దరు ఫ్రెంచి రసాయనికులు మొలకెత్తిన బార్లీగింజల రసమునుండి, పిండిపదార్థమును చక్కెరగా మార్చు ఒక వస్తువును వేరుచేసి, దానికి డయాస్టేజు అని పేరిడిరి. ఎంజైము అను మాటను 1876లో జర్మను శరీరశాస్త్రజ్ఞుడు కూనె కల్పించిరి. గ్రీకు భాషలో దానికి ‘ఈస్టునందున్నది’ అని అర్థము. సజీవ కణములు లేకున్నను, ఈస్టునుండి పిండిన రసమే పంచదారను పులియబెట్టగలదని 1897లో బుక్నర్ రుజువు చేసిరి. ఇంతవరకు వచ్చినను అసలు ప్రశ్న నిలిచియే ఉండెను. ఈ వస్తువు ఎట్టిది? పని ఎట్లు చేయుచున్నది? దానిని చూచినవారు లేరు. శుద్ధరూపమున అది చేతికి దొరకలేదు. దొరకిన ఆధారము ఒక్కటే: అది పనిచేయు వేగము.

ఆ వేగమును కొలుచుటకు పంచదార మిక్కిలి అనువైనది. ఈస్టులోని ఇన్వర్టేజు అను ఎంజైము పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలుగా విడగొట్టును. ఒకే తలమున కంపించు కాంతిని పంచదార ద్రావణముగుండ పంపినచో ఆ తలము కుడివైపునకు తిరుగును. విడిపోయిన చక్కెరల మిశ్రమము దానిని ఎడమవైపునకు త్రిప్పును. కనుక ద్రావణముతో నిండిన గాజుగొట్టముగుండ కాంతిని పరికించుచు, గడియారమును ప్రక్కన ఉంచుకొనినచో, ఎంతసేపటిలో ఎంత పంచదార విడిపోయినదో లెక్కకట్టవచ్చును.

ఈ లెక్కలలో ఒక వింత కనబడెను. ఎంజైమును రెట్టింపు చేసినచో వేగమును రెట్టింపగుచుండెను. కాని పంచదారను ఎంత పెంచినను, ఒక హద్దు దాటిన పిదప వేగము పెరుగకుండెను. రైలుస్టేషనులో టిక్కెట్లిచ్చు గుమాస్తాను తలచుకొందము. ఎప్పుడో ఒకరు వచ్చుచున్నప్పుడు ఆయన ఖాళీగా కూర్చుండును. జనము పెరిగినకొలది గంటకు ఎక్కువ టిక్కెట్లు తెగును. వరుస నిండిన తరువాత 50 మంది ఉన్నను, 500 మంది ఉన్నను గుమాస్తా చేయి ఒకే తీరున ఆడును. ఇంకను ఎక్కువ టిక్కెట్లు తెగవలెనన్న మరియొక కిటికీ తెరువవలసినదే. ఎంజైము కూడ ఇట్లే పంచదారను ముందుగా పట్టుకొని, పని ముగించి, విడిచిపెట్టి, మరల క్రొత్తదానిని పట్టుకొనుచున్నదా? వేగమునకు హద్దు ఏర్పడుటకు ఇదియే కారణమా?

ఈ ఊహకు తొలి ఆధారము ఇంగ్లండులో బీరు తయారుచేయు బర్టన్ పట్టణమునుండి వచ్చెను. సాధారణముగా వేడిమి 10 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినచో రసాయనిక చర్యల వేగము సుమారు రెట్టింపగును. ఎంజైముల విషయమున కొంతవరకే ఇది చెల్లును. అటుపై వేడికి అవి చెడిపోవును. అయితే పంచదార తోడుగా ఉన్నప్పుడు ఇన్వర్టేజు 25 డిగ్రీలు అధికమైన వేడికి తట్టుకొనుచున్నదని 1890లో ఓసల్లివన్, టాంప్సన్ అనువారు చూపిరి. పట్టుకొనిన వస్తువే పట్టుకొన్నదానికి రక్షణ అగుచున్నదన్నమాట. 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైమునకును, అది మార్చు పదార్థమునకును గల పొందికను తాళమునకును తాళపుచెవికిని గల పొందికతో పోల్చిరి. 1903లో పారిస్ నగరమున విక్టర్ ఆన్రీ ఈ భావమును గణితసూత్రముగా వ్రాసిరి.

ఆన్రీ సూత్రము సరియైనదే. కాని కొలతలు దానికి గట్టిసాక్ష్యము చెప్పలేకపోయినవి. దానికి రెండు కారణములు. మొదటిది ఆమ్లత. కడుపులోని పెప్సిను తీవ్రమైన పులుపులో చురుకుగా పనిచేయును; నోటి లాలాజలములోని ఎంజైము అట్టి పులుపులో పనిచేయనేలేదు. ప్రతి ఎంజైమునకు తనకు తగిన ఆమ్లత ఉన్నది. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలయందు సోరెన్‌సెన్ పీహెచ్ అను కొలమానమును ప్రవేశపెట్టువరకు ఆమ్లతను కచ్చితముగా పేర్కొనుటకు సాధనమే లేకుండెను. రెండవది, అప్పుడే విడిపోయిన గ్లూకోజు కాంతిని త్రిప్పు తీరు వెంటనే స్థిరపడదు. కొంతసేపు మారుచునే ఉండును.

ఈ రెండు చిక్కులను తీర్చినవారు లియోనోర్ మికాయెలిస్, మాడ్ మెంటెన్. అప్పటికి మికాయెలిస్‌కు బెర్లినులో స్థిరమైన ఆచార్యపదవి లేదు. పట్టణ ఆసుపత్రిలో ఒక చిన్న ప్రయోగశాలయే ఆయన కార్యస్థానము. మెంటెన్ కెనడా దేశీయురాలు. 1911లో టొరంటో విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొంది, మరుసటి ఏడు సముద్రము దాటి బెర్లిను చేరిరి. వీరు ఆమ్లతను మారనీయకుండ నిలిపిరి. చర్య సాగుచుండగా నియమిత సమయములకు కొంత ద్రావణమును తీసి, దానిలో క్షారము కలిపి ఎంజైమును ఆపి, గ్లూకోజు స్థిరపడిన పిదపనే కొలిచిరి. పనిలోనుండి పుట్టిన చక్కెరలు ఎంజైమునకు అడ్డుతగులును గనుక, చర్య ప్రారంభములోని వేగమునే ప్రమాణముగా తీసికొనిరి.

1913లో ప్రకటించిన వారి వ్యాసము సూత్రమును కొలతలతో స్థిరపరచెను. వేగము తన గరిష్ఠములో సరిగా సగమైనప్పుడు ఎంత పదార్థము ఉండునో ఆ సంఖ్యకే నేడు మికాయెలిస్ స్థిరాంకమని పేరు. వారి లెక్కలో అది లీటరునకు సుమారు 6 గ్రాముల పంచదార. ఈ సంఖ్య ఎంత చిన్నదైనచో, సాధారణముగా ఎంజైమునకు ఆ పదార్థముపై పట్టు అంత గట్టిది. చూడని వస్తువు యొక్క పట్టును గడియారముతో కొలిచిరి!

మికాయెలిస్ 1922లో జపానునకును, అటుపిమ్మట అమెరికాకును వెళ్లి 1949లో మరణించిరి. మెంటెన్ పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయమున దీర్ఘకాలము బోధించిరి. పూర్తి ఆచార్యపదవి ఆమెకు లభించునప్పటికి వయస్సు సుమారు 70 ఏండ్లు. 1960లో ఆమె దివంగతురాలైరి.

1925లో కేంబ్రిడ్జియందు బ్రిగ్స్, హాల్డేన్ ఈ సూత్రమును మరింత విశాలమైన పునాదిపై నిలిపిరి. నీరు వచ్చినంతయు పోవుచుండగా తొట్టిలో మట్టము నిలుకడగా ఉండునట్లు, ఎంజైమునకు చిక్కిన పదార్థపు మొత్తము కొంతసేపు మారకుండునని వారు గ్రహించిరి. 1926లో సమ్నర్ ఒక జాతి చిక్కుడుగింజలనుండి యూరియేజు స్ఫటికములను సాధించి, ఎంజైము మాంసకృత్తు అని చూపిరి. ఎంజైము పదార్థమును పట్టుకొనిన స్థితిని 1943లో బ్రిటన్ చాన్స్ ప్రత్యక్షముగా కొలిచిరి. 1965లో లండనునందు డేవిడ్ ఫిలిప్స్ బృందము లైసోజైము ఆకృతిని చిత్రించి, పదార్థము ఇముడు చీలికను కన్నులకు కట్టించెను. వేగము చెప్పిన సాక్ష్యము నిజమాయెను.

ఈ జ్ఞానము ఔషధములకును మూలమైనది. అసలు పదార్థమును పోలిన మరియొకటి ఎంజైమును ఆక్రమించుకొన్నచో పని నిలిచిపోవును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో రూపొందిన అమినాప్టెరిను ఇట్టిదే. ఆ మందువలన రక్తకేన్సరు సోకిన పసిబిడ్డలలో కొందరికి తాత్కాలికముగానైనను రోగము తగ్గినదని 1948లో బోస్టను వైద్యుడు ఫార్బర్ ప్రకటించిరి. అది ఏ ఎంజైమును అడ్డగించుచున్నదో ఆ తరువాత తెలియవచ్చెను.

మరియొక సంబంధము మనకు ఇంకను దగ్గరిది. పైన పేర్కొన్న హాల్డేన్ 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశ పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వరమున కన్నుమూసిరి. తన దేహమును వైద్యవిద్యార్థుల అధ్యయనమునకై కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చివేయవలెనని ఆయన ముందుగానే వ్రాసియుంచిరి. కంటికి కానరాని పనివాని నడకను లెక్కగట్టిన ఆ మహాశయుడు, తాను పోయిన పిదప కూడ మన తీరమున విద్యార్థులకు పాఠముగా నిలిచిరి. ఇకమీదట గిన్నెలో జావ పలుచబడుట చూచునప్పుడు, దాని వెనుకనున్న ఈ ఓర్పుగల కొలతలను మనము ఒక్కసారి స్మరింతుము గాక.