నొప్పెట్టే చేయి, గాజు తెర

1980ల తొలి అర్ధభాగంలో ఆస్ట్రేలియా కార్యాలయాలలో ఒక వ్యాధి దావానలంలా వ్యాపించింది. కీబోర్డుల ముందు కూర్చునే టైపిస్టులకు, టెలిఫోన్ ఆపరేటర్లకు మణికట్టు, ముంజేయి భరించలేనంతగా నొప్పెట్టేవి. వైద్యులు దానిని ‘రిపెటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ’ అన్నారు. హేళన చేసేవారు ‘కంగారూ పంజా’ అన్నారు. ఒక్క టెలికామ్ ఆస్ట్రేలియాలోనే 1981-85 మధ్య దాదాపు 4,000 కేసులు నమోదయ్యాయి.

విచిత్రమేమిటంటే, ఎక్కువగా టైపు చేసే టెలిగ్రాఫ్ ఉద్యోగులలో కన్నా తక్కువ టైపు చేసే టెలిఫోన్ ఆపరేటర్లలోనే ఈ బాధ అధికం. చాలామందికి పరీక్షలలో ఏ లోపమూ కనబడలేదు. దానితో వ్యాధి చేతిలో ఉన్నదా, మనసులో ఉన్నదా అన్న వివాదం చెలరేగింది. సైకియాట్రిస్టు యోలాండ్ లూసిర్ 2003లో వెలువరించిన ‘కన్‌స్ట్రక్టింగ్ ఆర్.ఎస్.ఐ.’ గ్రంథం రెండవ పక్షానిది. దశాబ్దం ముగిసేసరికి కేసులు తగ్గాయి గాని, వివాదం పూర్తిగా తేలలేదు.

ఇటువంటి నొప్పే 1990లలో అమెరికాలోని డెలవేర్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి వేన్ వెస్టర్‌మన్‌ను పట్టుకుంది. మీటలు నొక్కలేని ఆయన, బలం ప్రయోగించనక్కరలేకుండా కేవలం స్పర్శతో పనిచేసే ఫలకాన్ని రూపొందించారు. ఆచార్యుడు జాన్ ఎలియాస్‌తో కలిసి 1998లో ఫింగర్‌వర్క్స్ సంస్థను స్థాపించారు. 2005లో దానిని ఆపిల్ కొనుగోలు చేసింది. 2007లో ఐఫోన్ వచ్చింది.

బాధపడే చేతికోసం మొదలైన ఆ ప్రయత్నం, అంగడికి చేరేసరికి ఆరోగ్యవంతుని వేలినే ప్రమాణంగా తీసుకుంది. వణికే వేలు ఒకచోట తాకబోయి రెండుచోట్ల తాకుతుంది. ముడుచుకున్న అరచేయి తెరమీద మొత్తంగా ఆనుతుంది. మీటకుండే ఎత్తుపల్లాలు గాజుకు లేవు. ఈ లోటును పూడ్చే సదుపాయాలు ఆ తరువాత ఒక్కొక్కటిగా వచ్చాయి: 2011లో అసిస్టివ్ టచ్, 2013లో స్విచ్ కంట్రోల్, 2015లో తాకిడి వ్యవధిని మార్చుకునే వీలు.

స్విచ్ కంట్రోల్‌లో తెరమీది అంశాలపై ఒక గుర్తు వరుసగా కదులుతుంది. కావలసినదాని మీదకు రాగానే మీట నొక్కితే చాలు. క్వీన్స్‌లాండ్‌కు చెందిన క్రిస్టఫర్ హిల్స్, సెరిబ్రల్ పాల్సీ వల్ల చేతులు స్వాధీనంలో లేకపోయినా, తలతో నొక్కే మీటతోనే వీడియోలు ఎడిట్ చేస్తారు.

నొప్పికి మూలమేదో తేలేదాకా ఆగి ఉంటే వెస్టర్‌మన్ ఫలకం తయారయ్యేది కాదు. మణికట్టు పట్టుకుని వైద్యుని ఎదుట కూర్చున్న ఆనాటి టెలిఫోన్ ఆపరేటర్లు కూడా ముందుగా కోరుకున్నది, తమ మాటను ఎవరైనా నమ్మడమే.